కన్నీటితో విత్తిన తల్లి: మోనికా జీవితము

చదువవలసిన వాక్యభాగములు: కీర్తనలు 126:5-6; లూకా 18:1-8; 1 పేతురు 3:1-7



మన సంఘములలో ప్రార్థన మనవులు చెప్పుమన్నప్పుడు తల్లులు తరచుగా చెప్పు మనవి ఒకటున్నది. జబ్బులు, అప్పులు, కోర్టు వ్యాజ్యెములు అన్నియు చెప్పిన తరువాత, గొంతు తగ్గించి, నా కుమారుని కొరకు ప్రార్థించుడని అడుగుదురు. ఆదివారపు బడిలో కంఠత వాక్యములకు బహుమానములు పొందిన బిడ్డ చదువుకై పట్టణమునకు పోయి, గుడి మెట్లెక్కుట మానివేసెను. సెలవులకు ఇంటికి వచ్చినను దేవుని మాట ఎత్తనియ్యడు. అట్టి తల్లి ఏమి చేయవలెను? గద్దింపవలెనా, ఊరకుండవలెనా, లేక వానికి ఇంటి తలుపు మూసివేయవలెనా?

ఈ ప్రశ్న మన కాలములో పుట్టినది కాదు. 1600 సంవత్సరములకు పూర్వము ఉత్తర ఆఫ్రికాలో ఒక తల్లి ఈ ప్రశ్నతోనే దాదాపు 16 ఏండ్లు పోరాడెను. ఆమె పేరు మోనికా. ఆమె కుమారుడు అగస్టీను. రోమను కతోలిక సంఘము ఆగస్టు 27వ తేదీని ఆమె జ్ఞాపకదినముగా ఆచరించుచు, తల్లులకును భార్యలకును ఆమెను మాదిరిగా చూపుచున్నది. మనము పరిశుద్ధులకు మనవి చేయము. దేవునికిని నరులకును మధ్యవర్తి యేసుక్రీస్తు ఒక్కడే (1 తిమోతి 2:5). అయినను విశ్వాసులైన పెద్దలను తలంచుకొని నేర్చుకొనవలెనని హెబ్రీయుల పత్రిక మనకు బోధించుచున్నది గదా. పైగా మోనికా కతోలికులు, ప్రొటెస్టంటులు అను భేదము పుట్టుటకు వెయ్యేండ్లకు మునుపటి తల్లి. ఆమె చరిత్ర వారికెంత సొంతమో మనకును అంతే సొంతము.

ఆమెను గూర్చి మనకు తెలిసినది దాదాపు అంతయు కుమారుడు వ్రాసిన పుస్తకములనుండియే వచ్చినది. వానిలో ముఖ్యమైనది 397వ సంవత్సరము మొదలుకొని కొన్ని యేండ్లలో ఆయన వ్రాసిన ఒప్పుకోలుల గ్రంథము. కుమారుడు తల్లిని ప్రేమించెను గాని ఆమె తప్పులను కప్పివేయలేదు. అందువలననే ఆ చరిత్ర మనవంటి తలిదండ్రులకు పనికివచ్చుచున్నది.

పుట్టినిల్లు

మోనికా సుమారు 331వ సంవత్సరమున తగాస్తే అను చిన్న పట్టణములో పుట్టెను. అది ఆనాడు రోమా సామ్రాజ్యములోనిది. నేడు అల్జీరియా దేశములో సూక్ అహ్రాస్ అను పేరుతో ఉన్నది. తలిదండ్రులు క్రైస్తవులు. ఇంట ఒక ముసలి దాసి యుండెను. ఆమె మోనికా తండ్రిని పసితనమున వీపున మోసినది కనుక ఆమె మాటకు ఇంటిలో విలువ యెక్కువ. ఆడపిల్లలను పెంచు పని ఆమెకే అప్పగించిరి. భోజన వేళల మధ్య మంచినీళ్లు కూడ త్రాగనియ్యనంత కట్టుబాటు ఆమెది. నేడు నీళ్లకు అదుపు లేనియెడల రేపు పెండ్లియై కొట్టుగది తాళపు చెవులు చేతికి వచ్చినప్పుడు ద్రాక్షారసమునకు అదుపుండదని ఆమె తలంపు.

ఇంత కాపలా యున్నను చిన్న మోనికాకు ఒక దురలవాటు కలిగెను. పీపాలోనుండి ద్రాక్షారసము తెచ్చుటకు పెద్దలు ఆమెను పంపుచుండిరి. ఆమె పాత్ర ముంచి, పెదవులు తడుపుకొనునంత రుచి చూచెడిది. దినదినమునకు అది పెరిగి, చివరకు గిన్నెడు త్రాగు వరకు వచ్చెను. ఒకనాడు తోడిదాసి పోట్లాటలో కోపించి ఆమెను త్రాగుబోతని యెత్తిపొడిచెను. ఆ మాట ములుకువలె గ్రుచ్చుకొనెను. మోనికా సిగ్గుపడి ఆ అలవాటును అంతటితో విడిచెను.

ఇది చిన్న సంగతియే గాని ఆమె జీవితమంతటికిని మొదటి పాఠము ఇందులోనే యున్నది. కట్టుబాటు చేయలేని పనిని దేవుడు శత్రువు నోటి మాటతో చేసెను. బిడ్డను మార్చు సమయమును సాధనమును దేవుని చేతిలో నుండును గాని పెంచువారి చేతిలో నుండవు. ఈ పాఠమును ఆమె తన కుమారుని విషయములో మరల నేర్చుకొనవలసి వచ్చెను.

అత్తవారిల్లు

మోనికాను పత్రీకియు అనువానికిచ్చి పెండ్లిచేసిరి. అతడు పట్టణపు సభలో సభ్యుడు, కొద్దిపాటి భూమి గలవాడు, అన్యుడు. దయగలవాడే గాని ముక్కుమీద కోపము. భార్యకు నమ్మకముగా నుండలేదు. అత్తగారు మొదట దాసీల చాడీలు విని కోడలిని ద్వేషించెను. మోనికా ఆమెకు ఎదురు పలుకక, ఓర్పుతోను వినయముతోను సేవ చేయుచు వచ్చెను. కొంతకాలమునకు అత్తగారే నిజము తెలిసికొని, చాడీలు చెప్పిన దాసీలను దండింపుమని కుమారునితో చెప్పెను. అది మొదలు అత్తాకోడండ్రు కలిసిమెలిసి యుండిరి.

భర్త కోపముతో నున్నప్పుడు మోనికా మాటతో గాని చేతతో గాని అతని నెదిరించెడిది కాదు. కోపము చల్లారిన తరువాత, తాను చేసిన పనికి కారణమును నెమ్మదిగా వివరించెడిది. ఆ పట్టణములో అంతకంటె మెత్తని భర్తలుగల స్త్రీలు సయితము ముఖములపై దెబ్బల గుర్తులతో తిరుగుచుండగా, పత్రీకియు మోనికాను కొట్టెనని ఎవరును వినలేదు. పొరుగువారిలో ఇద్దరికి కలహము కలిగినయెడల ఇరువురును వచ్చి తమ కడుపుమంట ఆమెయొద్ద వెళ్లగ్రక్కెడివారు. వారిని కలుపునట్టి మాటను తప్ప మరి దేనిని ఆమె ఒకరినుండి ఒకరికి మోయలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మోనికా ఓర్పును చూపి, దెబ్బలు తినుచున్న స్త్రీని నోరు మూసుకొనుమని చెప్పుటకు మనలో ఎవరికిని అధికారము లేదు. క్రీస్తు సంఘమును ప్రేమించినట్లు భర్త భార్యను ప్రేమింపవలెనని అపొస్తలుడు ఆజ్ఞాపించెను (ఎఫెసీయులకు 5:25-29). యౌవనకాలపు భార్యకు ద్రోహము చేయుట దేవునికి అసహ్యమని మలాకీ ప్రవక్త ప్రకటించెను (మలాకీ 2:14-16). చేయి యెత్తు మగవాడు సంఘమునకు లెక్క చెప్పవలసినవాడు. ఆ యింటి స్త్రీకి కాపుదల చూపవలసినది సంఘమే. మోనికా ఇంటినుండి మనము నేర్చుకొనవలసినది వేరు. మాటకు సమయమున్నదని ఆమె యెరిగెను. పేతురు వ్రాసినట్లు, వాక్యమును విననొల్లని భర్త భార్య ప్రవర్తనను చదువుకొనుచుండెను. అనేక సంవత్సరములైన తరువాత, సుమారు 371వ సంవత్సరమున, పత్రీకియు తన చివరి దినములలో బాప్తిస్మము పొంది ప్రభువునందు నిద్రించెను.

కుమారుడు

వారికి కనీసము ముగ్గురు బిడ్డలు కలిగిరి: అగస్టీను, నావిగియు, ఒక కుమార్తె. అగస్టీను 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీన పుట్టెను. తల్లి పాలతోనే యేసు నామమును వానికి త్రాగించెను. పిల్లవాడు మిక్కిలి తెలివిగలవాడు. తండ్రి తన తాహతుకు మించి ఖర్చుపెట్టి వానిని చదివించెను. ఆ త్యాగమును ఊరివారందరు మెచ్చుకొనిరి. కాని బిడ్డ గొప్ప వక్త కావలెనని తండ్రి చూపిన ఆసక్తి, బిడ్డ పవిత్రుడు కావలెనని చూపలేదు.

తల్లియు ఇందులో పూర్తిగా నిర్దోషి కాదు. పదునారవ యేట డబ్బు చాలక అగస్టీను చదువు ఆపి ఇంట ఖాళీగా నుండి చెడు స్నేహములలో పడెను. తల్లి వానిని ఒంటరిగా పిలిచి, వ్యభిచారమునకు దూరముగా నుండుమని భయముతో హెచ్చరించెను. కుమారుడు అవి ఆడువారి మాటలని త్రోసివేసెను. అయితే వానికి తగిన పెండ్లి చేయుటకు తండ్రియు తల్లియు పూనుకొనలేదు. భార్య వచ్చినయెడల చదువు చెడునని, పైకి వచ్చు అవకాశము పోవునని వారి జంకు. ఆ చదువే వానిని ఒకనాడు దేవునియొద్దకు నడిపించునని తల్లి తలంచెను. ఈ సంగతిని కుమారుడే తరువాత వ్రాసెను. మార్కులను ర్యాంకులను ముందు పెట్టి ఆత్మ సంగతి తరువాత చూచుకొందమను తలిదండ్రులు మన ఇండ్లలో లేరా?

సుమారు 371లో అగస్టీను పై చదువులకై కార్తేజు మహానగరమునకు వెళ్లెను. అక్కడ పెండ్లి లేకుండ ఒక స్త్రీతో కాపురముండెను. వారికొక కుమారుడు కలుగగా దేవుడిచ్చినవాడని అర్థము వచ్చునట్లు అదెయొదాతు అని పేరు పెట్టిరి. అంతటితో ఆగలేదు. మానీ అను పారసీకుడు స్థాపించిన మతములో చేరెను. వెలుగు, చీకటి అను రెండు నిత్యశక్తులు పోరాడుచున్నవని ఆ మతస్థులు బోధించుచుండిరి. పాత నిబంధనను ఎగతాళి చేయుచుండిరి. చదువుకొన్నవారికి ఆ బోధ గొప్పగా కనబడెను. తొమ్మిదేండ్లు ఆయన అందులో నిలిచి, స్నేహితులను కూడ అందులోనికి లాగెను.

ఉపాధ్యాయుడై స్వగ్రామమునకు తిరిగివచ్చినప్పుడు, దేవుని దూషించు నోటితో కలిసి తినలేనని తల్లి వానిని తన బల్లయొద్దకు రానియ్యలేదు. అప్పుడామెకు ఒక కల వచ్చెను. తానొక కొయ్యకొలతబద్దపై నిలిచి దుఃఖించుచుండగా, ప్రకాశమానుడైన యొక యౌవనుడు వచ్చి, చూడుము, నీవున్నచోటనే నీ కుమారుడును ఉన్నాడని చూపినట్లు కనెను. ఆ కల విని అగస్టీను తెలివిగా అర్థము మార్చి, తల్లియే ఒకనాడు తన మతములోనికి వచ్చునని చెప్పబోయెను. తల్లి తడబడక, అతడున్నచోట నేనున్నానని కాదు, నేనున్నచోట అతడున్నాడని గదా చెప్పబడినదని వెంటనే బదులిచ్చెను. కలకంటె ఆ జవాబే కుమారుని మనస్సును ఎక్కువగా కదిలించెను. ఆమె వానికి మరల ఇంటి తలుపు తెరచి తన బల్లయొద్ద చోటిచ్చెను.

ఆమె ఒక బిషప్పుగారియొద్దకు పోయి, తన కుమారునితో వాదించి ఒప్పింపుమని బతిమాలెను. ఆయన ఒప్పుకొనలేదు. ఆయనయే చిన్నతనమున ఆ మతస్థులమధ్య పెరిగి, వారి పుస్తకములను చదివి వ్రాసి, ఎవరును వాదింపకుండనే వాటి డొల్లతనము తెలిసికొని బయటపడినవాడు. నీ కుమారుడు ఇప్పుడు నేర్చుకొను స్థితిలో లేడు, వానిని విడువుము, ప్రభువునకు ప్రార్థించుము అని చెప్పెను. ఆమె వదలక ఏడ్చుచుండగా ఆయన విసుగుతో లేచి, ఇన్ని కన్నీళ్ల బిడ్డ నశింపజాలడని చెప్పి పంపివేసెను. ఆ విసుగు మాటను ఆమె పరలోకమునుండి వచ్చిన మాటగా పట్టుకొనెను.

ఓడరేవునొద్ద రాత్రి

383వ సంవత్సరమున అగస్టీను రోమా నగరమునకు పోవ నిశ్చయించెను. తల్లి కార్తేజు ఓడరేవు వరకు వెంట వచ్చి, పోవలదనియో, పోయినయెడల తన్ను కూడ తీసికొనిపొమ్మనియో పట్టుపట్టెను. కుమారుడు అబద్ధమాడెను. ఒక స్నేహితుని సాగనంపుటకే ఉన్నానని చెప్పి, ఆ రాత్రి దగ్గరలోనున్న హతసాక్షి సిప్రియాను జ్ఞాపకమందిరములో ఉండుమని ఆమెను ఒప్పించెను. ఆమె రాత్రియంతయు మోకరించి, ప్రభువా, వానిని పోనియ్యకుము అని ఏడ్చుచుండగా, గాలి అనుకూలించి ఓడ సాగిపోయెను. తెల్లవారి తీరమున నిలిచి ఆమె గుండె పగులునట్లు ఏడ్చెను.

ప్రియులారా, ఈ రాత్రిని బాగుగా ఆలోచింపుడి. ఆమె ఆ రాత్రి అడిగినదానిని దేవుడు ఇయ్యలేదు. ఎందుచేత? ఆమె ఎల్లప్పుడు అడుగుచున్నదానిని ఇచ్చుటకే. కుమారుడు రోమాకు పోనిచో మిలానునకు పోడు. మిలానులోనే అంబ్రోజు బిషప్పుగారి ప్రసంగములు వాని చెవిని పడవలసియున్నవి. తల్లి ఏ ప్రయాణమును తన ప్రార్థనకు ముగింపని తలంచెనో, ఆ ప్రయాణముననే దేవుడు ఆ ప్రార్థనకు జవాబు పంపుచుండెను.

ఆమె ప్రయత్నములను వరుసగా చూచినయెడల, కుమారుని మార్చవలెనని ఆమె వేసిన ప్రతి ఎత్తును విఫలమయ్యెను. చదువు కొరకు పెండ్లి ఆపుట మేలు చేయలేదు. బల్లనుండి వెలివేయుట నిలువలేదు. పండితునితో వాదింపజేయుట జరుగలేదు. వెంటపడి ఆపుట సాగలేదు. నిలిచినవి రెండే: ప్రార్థన, తెగని బంధము.

మిలానులో

384లో అగస్టీనుకు మిలానులో వక్తృత్వము బోధించు గొప్ప ఉద్యోగము దొరకెను. మరుసటి యేట తల్లి సముద్రము దాటి వానియొద్దకు చేరెను. దారిలో తుఫాను రేగగా, ప్రయాణికులకు ధైర్యము చెప్పవలసిన నావికులకే ఆమె ధైర్యము చెప్పెను. ఆమె చేరునప్పటికి కుమారుడు మానీ మతమును విడిచియుండెను గాని క్రీస్తుయొద్దకు రాలేదు. ఆ మాట విని ఆమె పొంగిపోలేదు. సగము ఇచ్చినవాడు మిగిలినదియు ఇచ్చునని నెమ్మదిగా చెప్పెను.

మిలానులో ఆమెయు ఒక పాఠము నేర్చెను. ఆఫ్రికాలోని అలవాటు చొప్పున గంజియు రొట్టెయు ద్రాక్షారసమును పట్టుకొని హతసాక్షుల సమాధులయొద్దకు పోగా, బిషప్పుగారు దానిని నిషేధించిరని ద్వారపాలకుడు ఆపెను. అది పితరులకు పెట్టు అన్యుల ఆచారమును పోలియున్నదనియు, త్రాగుడునకు దారితీయుననియు బిషప్పుగారి కారణములు. ఎన్నో యేండ్ల అలవాటును ఆమె ఆ క్షణముననే మానివేసి, ఆ సొమ్మును బీదలకిచ్చి, ప్రార్థనతో నిండిన హృదయమును తీసికొనిపోసాగెను. 386లో యుస్తీనా రాణి ఒక దేవాలయమును ఆరియను మతస్థులకు అప్పగింపుమని ఒత్తిడి చేసినప్పుడు, జనులు బిషప్పుతో కూడ దేవాలయములోనే కావలియుండిరి. ఆ కావలిలో మోనికా ముందువరుసలో నుండెను.

అయితే ఈ పట్టణములోనే ఆమె చరిత్రలో మిక్కిలి బాధకరమైన సంగతి జరిగెను. కుమారునికి ఉన్నత కుటుంబములో పెండ్లి కుదుర్చుటకు ఆమె గట్టిగా పూనుకొనెను. పెండ్లియైనయెడల బాప్తిస్మమునకు దారి ఏర్పడునని ఆమె ఆశ. కుదిరిన బాలికకు చట్టపు వయస్సునకు ఇంకను రెండేండ్లు తక్కువ. ఈ సంబంధమునకు అడ్డమని, అనేక సంవత్సరములు అగస్టీనుతో కాపురముచేసిన బిడ్డ తల్లిని ఆఫ్రికాకు పంపివేసిరి. ఆమె మరి ఏ పురుషునితోను కాపురము చేయనని దేవునికి మ్రొక్కుకొని, కన్నబిడ్డను విడిచి వెళ్లిపోయెను. ఆమె పేరు కూడ మనకు తెలియదు. అగస్టీను హృదయము గాయపడి నెత్తురు కారెను. అయినను రెండేండ్లు ఆగలేక మరియొక స్త్రీని చేర్చుకొనెను. ఆ పెండ్లి చివరకు జరుగనే లేదు.

మోనికా తలపెట్టిన ఈ ఏర్పాటు కూడ కూలిపోయెను. పరువు కొరకు, కులీనత కొరకు బిడ్డలకు సంబంధములు చూచు మనకు ఇది అద్దము కాదా? భక్తిగల తల్లి కూడ మంచి ఉద్దేశముతోనే ఒక బీద స్త్రీకి అన్యాయము జరుగుటకు కారకురాలు కావచ్చును. కట్నమును, ఆస్తిని, హోదాను చూచి వివాహములు కుదుర్చునప్పుడు, ఆ ఏర్పాటులో కన్నీరు కార్చు పేరులేనివారెవరో మనము ఆలోచింపవలెను.

386 ఆగస్టులో, మిలానులోని ఒక తోటలో, ఆత్మలో పెనుగులాడుచున్న అగస్టీను పౌలు పత్రికను తెరచి చదివెను. కంటబడినది రోమీయులకు 13:13-14. అక్కడనే ఆయన లొంగిపోయెను. తన స్నేహితుడైన అలీపియుతో కలిసి నేరుగా ఇంటిలోనికి పోయి తల్లికి చెప్పెను. ఆమె ఆనందమునకు మేరలేకపోయెను. 387 ఏప్రిలులో, ఈస్టరు రాత్రి, అంబ్రోజు చేత అగస్టీను, అలీపియు, అదెయొదాతు ముగ్గురును బాప్తిస్మము పొందిరి. మనుమడు సహితము అదే నీటిలో దిగుటను ఆ నాయనమ్మ చూచెను.

ఓస్తియాలో

అందరు ఆఫ్రికాకు మరలిపోవుటకు రోమా నగరపు రేవైన ఓస్తియాకు వచ్చిరి. అక్కడ ఒకనాడు తల్లియు కుమారుడును తోట వైపునున్న కిటికీయొద్ద నిలిచి, పరిశుద్ధుల నిత్యజీవము ఎట్టిదోయని చాలసేపు మాటలాడుకొనిరి. ఈ లోకములో తనకిక ఆశించునది ఏమియు లేదని, కుమారుడు క్రైస్తవుడగుట చూడవలెననియే ఇన్నాళ్లు బ్రదికితినని ఆమె చెప్పెను. సుమారు 5 దినములకు జ్వరము తగిలెను. తొమ్మిదవ దినమున, తన 56వ యేట, కుమారుని 33వ యేట, ఆమె కన్నుమూసెను.

భర్త సమాధి ప్రక్కనే తన్ను పాతిపెట్టవలెనని ఆమె పూర్వము ఎంతో ఆశించి, అక్కడ స్థలము కూడ సిద్ధపరచుకొనియుండెను. ఇప్పుడైతే దేహమును ఎక్కడనైనను పెట్టుడని, దానికొరకు చింతపడవలదని, ప్రభువు బలిపీఠమునొద్ద మాత్రము తన్ను జ్ఞాపకము చేసికొనుడని చెప్పెను. మృతుల కొరకు ప్రార్థించు విషయములో కతోలికులకును మనకును భేదమున్నది. అయినను ఆమెలో జరిగిన మార్పును చూడుడి. కుమారుడు సముద్రము దాటుటను సహింపలేక తీరమున విలపించిన తల్లి, నాలుగేండ్లకు పరదేశపు మన్నులో నిద్రించుటకు జంకలేదు. దేవునికి ఏ స్థలమును దూరము కాదని ఆమె నేర్చుకొనెను. కుమారుని మార్చుచున్న కాలమందే దేవుడు తల్లిని కూడ మార్చుచుండెను.

అగస్టీను తరువాత హిప్పో పట్టణమునకు బిషప్పై, 430 ఆగస్టు 28న మరణించెను. ఆమె సోదరి కుమార్తె కాదు, మోనికా కుమార్తెయే, విధవయై, హిప్పోలో భక్తురాండ్ర సమాజమునకు పెద్దగా నుండెను. 1945లో ఓస్తియాలో ఒక గుడి ప్రక్కన బాలురు ఆటకై గుంజ పాతుటకు నేల త్రవ్వుచుండగా, మోనికా సమాధిపై చెక్కిన శాసనపు రాతిముక్క బయటపడెను.

మన ఇండ్లకు పాఠము

ఈ తల్లి ఇంటినుండి వచ్చిన కుమారుడు సుమారు 401లో వివాహము యొక్క మేలును గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. సంతానము, పరస్పర నమ్మకత్వము, విడిపోని పవిత్ర బంధము అను మూడు మేళ్లను అందులో చూపెను. హోదాకు తగిన భార్య దొరకు వరకు ఒక స్త్రీని ఉంచుకొనువాడు మనస్సులో వ్యభిచారియేయని, ఆ ద్రోహము తనతో నున్న స్త్రీకే చేయుచున్నాడని అందులోనే తీర్పు చెప్పెను. తన పేరు చెప్పలేదు గాని, మిలానునుండి పంపివేయబడిన స్త్రీని ఎరిగిన పాఠకునికి ఆ మాట భారముగా వినబడును.

కతోలిక సంఘము తన కుటుంబ బోధను ఎక్కువగా ఈ పునాదిమీదనే కట్టినది. విడాకులును క్రొత్త పోకడలును పెరుగుచున్న 1930లో పదునొకండవ పయస్ పోపు వివాహమును గూర్చి వ్రాసిన లేఖ ఆ మూడు మేళ్లనే వరుసగా వివరించెను. 1964లో వారి రెండవ వాటికన్ మహాసభ క్రైస్తవ గృహమును ఇంటి సంఘమని పిలిచెను; తలిదండ్రులే బిడ్డలకు మొదటి సువార్తికులని నేర్పెను. 2016లో ఫ్రాన్సిస్ పోపు కుటుంబ ప్రేమను గూర్చి వ్రాసినప్పుడు, బిడ్డ ఎక్కడున్నాడోయని ప్రతి క్షణము కనిపెట్టుట పెంపకము కాదని, వాడు స్వేచ్ఛలో మేలును ఎన్నుకొనునట్లు ఓర్పుతో ఎదిగించుటయే పెంపకమని బోధించెను. వివాహము సంస్కారమా కాదాయను విషయములోను, మరి కొన్ని విషయములలోను మన సంఘముల బోధ వేరు. అయినను ఇంటిలోనే విశ్వాసము మొదట నాటబడునను సత్యమునకు లోయి, యునీకేలు మనకును సాక్షులే (2 తిమోతి 1:5).

నేటి తల్లి తన బిడ్డను చేతిలోని ఫోను ద్వారా హైదరాబాదులో నున్నను, అమెరికాలో నున్నను, గల్ఫులో నున్నను పిలువగలదు. గంటగంటకు అడుగవచ్చును, గద్దింపవచ్చును, వాక్యములు పంపవచ్చును. మోనికాకు ఆ వీలు లేదు. ఆమెకు ఓడ కూడ చిక్కలేదు. అయినను ఆమె ప్రార్థన ఓడకంటె ముందుగా మిలాను చేరెను. బిడ్డ విశ్వాసము మన చేతి పని కాదు. మనకు అప్పగింపబడినవి మన నడవడి, మన ప్రార్థన, మన తెరచిన తలుపు. తప్పిపోయిన కుమారుని తండ్రి వానిని వెదకుటకు దూరదేశము పోలేదు. అయితే వాడు దూరముగా నుండగానే చూచెను, అనగా దారివైపు చూచుట మానలేదు (లూకా 15:20). దుఃఖించుచున్న తల్లీ, తండ్రీ, నీవు నేడు అడిగినది దొరకలేదని నీవు ఎల్లప్పుడు అడుగుచున్నది త్రోసివేయబడినదని తలంపవద్దు. విత్తువాడు కన్నీరు విడుచుచు విత్తును. పంట కాలము యజమానునిది.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:
1. మన బిడ్డల చదువు కొరకు పడు ఆరాటములో వారి ఆత్మ కొరకు ఎంత పడుచున్నాము?
2. దారి తప్పినవారు మన ఇంటి బల్లయొద్దకు జంకు లేకుండ రాగలరా?
3. మనము కుదుర్చు సంబంధములలో ఎవరికైనను అన్యాయము జరుగుచున్నదా?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డలు నీవే మాకిచ్చినవారు. వారిని మా చేతిలో బిగబట్టుకొను భయమును మాలోనుండి తీసివేయుము. విసుగక ప్రార్థించు హృదయమును, కోపమును ఆపుకొను నోటిని, మూయని తలుపును మాకు దయచేయుము. దూరమున నున్నవారిని నీ సమయమందు ఇంటికి నడిపించుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.